మోటారు నెత్తిన పెట్టుకుని గుమ్మఘట్టకు

మంగళవారం పొద్దున ఐదున్నరకు ఇంటి నుంచి బయల్దేరాను. నెత్తిన చుట్టబట్ట, దాని మీద గోనెసంచిలో కట్టిన పడవ మోటారు, చేతిలో దాని పెట్రోలు డబ్బా. మోటారు అరబస్తా బియ్యమంత బరువు ఉంటుంది. నా పేరు ఓబులమ్మ. సంతకం చేయగలను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవగలను, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. మీలో ఎవరికైనా ఇలాంటి మోటారు ఉండి, అది నీళ్ల నడుమ ఆగి ఏడిపిస్తుంటే ఈ దారి మీకు పనికొస్తుంది. అందుకే చెబుతున్నాను.

మా ఊరు తనకల్లు పక్కన. కాలువ నీళ్లు వదిలాక మా ఊరి వంక నిండి పెద్ద చెరువైంది. ఊరికీ అవతలి పొలాలకూ నడుమ ఉన్న బండ్ల బాట మునిగిపోయింది. చుట్టూ తిరిగి వెళ్లాలంటే పూట గడిచిపోతుంది. మా ఆయన ఒక పడవ కొని, వెనక మోటారు బిగించి, కూలీలనూ మేకలనూ పశువుల మేతనూ దాటించేవాడు. పోయిన ఉగాదికి ముందు గుండెనొప్పితో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే నేను పడవ ఎక్కాను. ఎక్కకూడదన్నారు. ఎక్కాను.

అప్పటి నుంచే మోటారు తిప్పలు మొదలైనాయి. బయల్దేరేటప్పుడు బాగానే ఉంటుంది. నాలుగైదు నిమిషాలకు గొంతు పట్టినట్టు గురగురమని ఆగిపోతుంది. పది నిమిషాలు ఊరుకుని తాడు లాగితే అంటుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. డబ్బా నిండా పెట్రోలు పోసిన రోజు తొందరగా ఆగుతుంది. సగమే పోసిన రోజు ఇంకొంచెం దూరం పోతుంది. ఇదేం వింతో నాకు అంతుబట్టలేదు. కదిరిలో బైకు మెకానిక్కు దగ్గరకు మోటారును రెండుసార్లు మోసుకెళ్లాను. ప్లగ్గు మార్చాడు, కార్బరేటరు విప్పి కడిగాడు. ఆయన కొట్టు ముందు ఆయన పెట్రోలుతో చక్కగా నడుస్తుంది. మా నీళ్ల మీదకు రాగానే ఆగుతుంది.

మా మరిది శీనప్పకు ఇది బాగా దొరికింది. "సూడొదినా, ఆడ మగోని చేతిలో నడుస్తాది. ఈడ నీ చేతిలో ఆగిపోతాది. అన్న ఉన్నన్నాళ్లు ఒక్కసారన్నా ఆగిందా? బొట్టు లేనిదాని చెయ్యి తాడు మీద పడితే ఇంతే" అని రేవులో అందరి ముందర అన్నాడు. పోయిన ఆదివారం తొమ్మిది మంది కూలీలతో, నాలుగు మేకలతో నడుమ నీళ్లలో మోటారు ఆగింది. గాలి మమ్మల్ని మునిగిన తుమ్మచెట్ల మీదకు తోసింది. ముళ్లు గీరుకుని ఆడవాళ్లు ఏడుస్తుంటే, చేపలు పట్టేవాళ్లు గుండ్రటి పుట్టి వేసుకుని వచ్చి లాక్కుపోయారు.

ఆ సాయంత్రమే ఊరి పెద్దలు తేల్చేశారు. శుక్రవారం అవతలి గట్టున వేరుశనగ బుడ్డలు పీకడం మొదలవుతుంది. ఆ రోజు నా పడవ ఆగకుండా దాటితే రేవు నాది. ఆగితే మోటారూ రేవూ రెండూ శీనప్పకు. నా కడుపు ఆ రేవు మీదే నడుస్తుంది. అంతకంటే కూడా, శీనప్ప మాట నిజమని ఊరు ఒప్పుకుంటే నేను ఇంక దేని మీదా చెయ్యి వేయలేను. రేపు పాలచెంబు ముట్టుకున్నా పాలు విరిగిపోయాయంటారు. అందుకే బయల్దేరాను. గుమ్మఘట్ట దగ్గర డ్యాము కింద పడవ మోటార్లు బాగుచేసే మనిషి ఒకడున్నాడని ఆ పుట్టి వాళ్లే చెప్పారు.

ఆరు ఇరవైకి తనకల్లులో కదిరి బస్సు. ఎక్కబోతుంటే కండక్టరు ముక్కు ఎగబీల్చాడు.

"ఏమ్మా, ఆ డబ్బాలో ఏముండాది?"

"పెట్రోలు. అడుగున రవ్వంత."

"దింపు దింపు. బస్సులో పెట్రోలు ఎక్కించేకి లేదు. వంపేసినా వాసన పోదు. డబ్బా వద్దే వద్దు."

"అది లేకుంటే మోటారు ఎట్ల నడుస్తాదప్పా?"

"బస్సులో నడిపిస్తావా దాన్ని? మా డ్రైవరున్నాడు, చాలు."

బస్సంతా నవ్వింది. డబ్బాను పైపుతో సహా బస్టాండు ఎదుట టీ హోటలు ఆమెకు అప్పగించి వచ్చాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు సున్నా టికెట్టు కొట్టి, మోటారుకు మాత్రం లగేజీ టికెట్టు కొట్టాడు. దాన్ని సీట్ల కింద తోస్తే పట్టలేదు. కాళ్ల నడుమ నిలబెట్టుకుని కూర్చున్నాను.

ఏడుంబావుకు కదిరి. ఏడు నలభైకి అనంతపురం బస్సు దొరికింది. ముదిగుబ్బలో ఒక ముసలి రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. బత్తలపల్లిలో చీరల మూటలతో ధర్మవరం శెట్టి ఒకాయన ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నాడు. ఇద్దరి కళ్లూ గోనెసంచి మీదే.

"బోరు మోటారామ్మా? కాలిపోయిందా?" అని రైతు అడిగాడు.

"బోరు మోటారు కాదు నాయనా. పడవ మోటారు."

శెట్టి మొత్తంగా వెనక్కి తిరిగాడు. "పడవనా? అనంతపురం జిల్లాలోనా? మేము పట్టు తడుపుకునేకి ట్యాంకరు తెప్పించుకుంటాండాము తల్లీ."

"మా చెరువుకు కాలవ నీళ్లు వచ్చినాయి శెట్టీ."

రైతు కిటికీ వైపు తిరిగాడు. అటు చూస్తూనే అన్నాడు. "ఐదు బోర్లు ఏపిచ్చినా. ఐదింట్లోనూ దుమ్మే లేసింది. నీకేమో పడవ నడిపేంత నీళ్లు. అట్లాంటప్పుడు ఈ మొకమేందమ్మా, అట్ల పెట్టుకోనుండావు?"

నీళ్లున్నా దాటనీయని మనుషులున్నారని ఆయనకు చెప్పలేదు. నా సద్దిలోంచి వేయించిన బుడ్డలు తీసి ఇద్దరికీ పెట్టాను.

పదింబావుకు అనంతపురం బస్టాండు. బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. వేడిగా ఉన్నాయి, బాగున్నాయి. కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోయే బస్సు పది నలభైకి. ఎడమ పక్క కూర్చుంటే ఎండ తక్కువని ఎవరో చెప్పారు. అది అబద్ధం, ఎండ రెండు పక్కలా ఉంది. కళ్యాణదుర్గం దాటాక నేల ఇంకా బోసిగా అవుతుంది. కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. కింద మనిషి కనపడడు. రాయదుర్గం చేరేసరికి ఒకటీ నలభై. అక్కడ సగం మంది కన్నడంలో మాట్లాడుతున్నారు. ఆటో వాడు మోటారు చూసి నాకు చెయ్యి అందించాడు గానీ నేనే ఎత్తుకున్నాను. గుమ్మఘట్ట మీదుగా డ్యాము కట్ట కిందికి చేరేసరికి మూడైంది.

రేకుల షెడ్డు. ముందర పాత ఇంజన్లు, నీళ్లు నింపిన ఇనుప డ్రమ్ము. ఆయన పేరు పీరాన్న. మంగళూరు పక్క సముద్రంలో ఇరవై ఏళ్లు చేపల పడవల మీద పనిచేసి, సొంతూరికి వచ్చేసిన మనిషి. గడ్డమంతా నెరిసింది.

"ఏనమ్మా, బోరు మోటారా?" అన్నాడు.

"నువ్వు కూడానా అన్నా?" అన్నాను.

సంచి విప్పగానే ఆయన ముఖం మారింది. మోటారును డ్రమ్ము అంచుకు బిగించి, తన డబ్బా పైపు తగిలించి తాడు లాగాడు. ఒక్క లాగుకే అంటుకుంది. అరగంట నడిచింది. ఎక్కడా దగ్గలేదు.

"నీ మోటారుకు ఏ రోగమూ లేదమ్మా."

నాకు మండింది. "ఈ మాట కదిరిలోనే విన్నా. మగోని చేతిలో నడిచే మోటారు నాకెందుకన్నా? నా చేతిలో నడవల్ల. దానికే ఇంత దూరం మోసుకొచ్చినా."

"అయితే నువ్వు లాగు."

ఆపి, నేను లాగాను. నాకూ నడిచింది. అక్కడున్న టైరు మీద కూర్చున్నాను. ఆయన భార్య ఖాసింబీ వదిన చెంబుతో నీళ్లు ఇచ్చింది. పీరాన్న ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఆగినప్పుడు మొదట ఏమి సూస్తావు?"

"మా మరిది మొకం."

పగలబడి నవ్వాడు. "ఆ తర్వాత?"

"ప్లగ్గు."

"పైపు నడుమ రబ్బరు ఉండ ఉంటాది కదా, పిసికేది. ఆగినప్పుడు అది ఎట్లుంటాది?"

పెట్రోలు మోటారులోకి ఎక్కడానికి మొదట పిసికే బత్తాయంత ఉండ అది. ఆగినప్పుడు దాని వంక ఎన్నడూ చూడలేదని చెప్పాను. డబ్బా ఏదని అడిగాడు. కండక్టరు దింపించిన సంగతి చెప్పాను.

"జరమొచ్చినోన్ని ఇంట్లో పండుకోబెట్టి, పక్కింటోన్ని ఆసుపత్రికి మోసుకొచ్చినావా తల్లీ?" అని లేచాడు. ఇంకేం అడిగినా చెప్పలేదు. "రేపు పొద్దున నీళ్ల మీదికి పోదాం" అన్నాడు.

ఆ పూట వాళ్లింట్లోనే ఉన్నాను. గుమ్మఘట్టలో దిగడానికి లాడ్జీలు వెతక్కండి, రాయదుర్గంలోనే చూసుకోండి. నాకైతే ఖాసింబీ వదిన జొన్నరొట్టె, డ్యాము చేపల పులుసు పెట్టి, వసారాలో చాప వేసింది.

బుధవారం ఆరున్నరకు డ్యాములోకి దిగాం. పీరాన్న పడవకు నా మోటారు, ఆయన డబ్బా. డబ్బా అంచుదాకా పెట్రోలు పోసి, మూత బిగించి పెట్టాడు. తాడు నన్నే లాగమన్నాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కట్ట చిన్నదవుతూ వచ్చింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టుంది. సరిగ్గా నడుమకు వచ్చేసరికి గురగురమని మోటారు ఆగిపోయింది.

అదే చప్పుడు. మా చెరువులో వినపడే చప్పుడే. ఇక్కడ కూడా! శీనప్ప మాటే నిజమేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. దాచను, అనుకున్నాను.

పీరాన్న చేతులు కట్టుకుని ముందు బల్ల మీద కూర్చున్నాడు. "నేను ముట్టుకోను. నువ్వే సూడు."

"నేనేమి సూసేది? చదువు లేనిదాన్ని."

"చదువు దేనికమ్మా? పెట్రోలు యాడ బయల్దేరి యాడికి పోతాది? అదే దారిన నువ్వూ పో. యాడ దారి మూసుకోనుండాదో ఆడ నిలబడు."

ఎండ ఎక్కుతోంది. పడవ మెల్లగా తిరుగుతోంది. కోపంతోనే మొదలుపెట్టాను. మోటారు దగ్గర నుంచి వెనక్కి పైపు తడుముకుంటూ వచ్చాను. ఎక్కడా మడత లేదు, కాలి కింద నలగలేదు. రబ్బరు ఉండ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. బత్తాయిలా ఉండాల్సింది, ఎండిన చింతకాయలా రెండు పక్కలా అతుక్కుపోయి ఉంది. పిసికితే పొంగడం లేదు. పెట్రోలు రావడం లేదు. డబ్బా నిండా పెట్రోలుంది. ఉన్నా రావడం లేదు.

డబ్బా మూత పట్టుకుని తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. అంత చప్పుడు చేస్తుందని నేను అనుకోలేదు, ఉలిక్కిపడ్డాను. నా కళ్ల ముందరే ఉండ మళ్లీ ఉబ్బింది. నాలుగుసార్లు పిసికి తాడు లాగాను. అంటుకుంది.

అప్పుడు చూశాను, మూత నడుమ చిన్న స్క్రూ. గాలి పోవడానికి పెట్టింది. గట్టిగా బిగించి ఉంది.

"ఇది ఎవురు బిగించినారన్నా?"

"నేనే. పొద్దున నువ్వు నీళ్లు తాగేకి పోయినప్పుడు" అన్నాడు పీరాన్న. "పెట్రోలు బయటికి పోయినంత గాలి లోపలికి రావల్ల. రాకుంటే డబ్బా ఇంగ ఇడవదు. నిండు డబ్బాలో గాలికి జాగా తక్కువ, తొందరగా పట్టేస్తాది. సరేగానీ, మీ ఇంట్లో ఎవురు బిగించినారు?"

మాది దుమ్ము నేల. ఏ పాత్రనూ మూత లేకుండా ఉంచం. నీళ్ల కుండకు మూత పెట్టి, దాని మీద చెంబు బోర్లించి, బట్ట కూడా కప్పుతాం. ఎండాకాలంలో ఏది తెరిచి పెట్టినా ఆవిరైపోతుందన్న భయం మాకు పుట్టుకతో వస్తుంది. మా ఆయన పోయాక ఆ డబ్బా ఇంట్లో పెట్టుకుంటే పెట్రోలు వాసన కొట్టేది. మూత మీది సందులోంచి పెట్రోలంతా ఎగిరిపోతోందనుకుని, స్క్రూ గట్టిగా బిగించి, దాని చుట్టూ బట్టల సబ్బు మెత్తగా చేసి పూశాను. లారీల వాళ్లు ట్యాంకు కారితే సబ్బు పెడతారు కదా, అది చూసి నేర్చుకున్న పని. ఎంత తెలివైన పని చేశానో అని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

"నేనే బిగించినా" అన్నాను.

"తాడు లాగినప్పుడు మాత్రమే సూస్తాండారు నీ చెయ్యి" అన్నాడాయన. "సబ్బు పూసిన చెయ్యి ఎవురూ సూడలేదు."

"నిన్ననే చెప్పింటే పోయేది కదన్నా? రాత్రంతా నిద్ర లేదు నాకు."

"చెప్పింటే నా మాట గుర్తుంటాది నీకు. ఇంగో తూరి ఇంగోటి అడ్డం పడితే గుమ్మఘట్టకు మోసుకొస్తావా మళ్ల?"

తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన దారి కూడా చూపించాడు. గుర్తున్నంత చెబుతాను. మొదట డబ్బా మూత, గాలి. తర్వాత డబ్బా అడుగున నీళ్లు చేరాయేమో చూడాలి. పెట్రోలును గాజు సీసాలోకి పోసి కాసేపు పెడితే నీళ్లు అడుక్కు దిగుతాయి. తర్వాత పైపు మడత, ఉండ పగులు, ఫిల్టరులో చెత్త. ఇవన్నీ అయ్యాకే కార్బరేటరు. నేను కదిరిలో ఈ దారిని చివరి నుంచి మొదలుపెట్టాను. అవన్నీ నా చేతనే విప్పించి, నా చేతనే బిగింపించాడు. కూలి దుడ్లు ఇవ్వబోతే, సంచిలో మిగిలిన బుడ్డలు తీసుకుని, "ఇంతే" అన్నాడు. పడవ నడిపినవాళ్ల మధ్య అంతేనట.

పదకొండుకు గుమ్మఘట్టలో ఆటో, పదకొండున్నరకు రాయదుర్గంలో బస్సు. మూడుకల్లా అనంతపురం, కదిరి చేరేసరికి ఆరు. దారిలో ఎంతమంది "బోరు మోటారా?" అని అడిగారో, అంతమందికీ "కాదు, పడవది, నేనే నడుపుతా" అని చెప్పాను. పోయేటప్పుడు అంత గట్టిగా చెప్పలేదు. తనకల్లులో టీ హోటలు ఆమె దగ్గర డబ్బా తీసుకుని, ఆ బల్ల మీదే కూర్చుని, పిన్నీసుతో సబ్బంతా గీకి తీశాను. రాయిలా గట్టిపడి ఉంది. చివరి ముక్క ఊడదీసి స్క్రూ తిప్పేసరికి మూత బుస్సుమంది.

గురువారం ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే రెండుసార్లు దాటి వచ్చాను.

శుక్రవారం ఆరున్నరకు రేవులో ఇరవై మందిదాకా ఉన్నారు. శీనప్ప తన కొత్త పడవ పక్కనే కట్టి పెట్టుకున్నాడు. నా డబ్బా చూసి, "నిండుగా పొయ్యొదినా. సగం పోసి మోసం చేయొద్దు" అన్నాడు. అంచుదాకా పోశాను. అంతటితో ఊరుకోలేదు. "ముత్తైదువు ఎవురన్నా మొదట తాడు లాగండి. శుభం జరగల్ల" అన్నాడు.

"నా తాడు మీద ఎవురు చెయ్యి వేసినా వేళ్లు ఇరుగుతాయి" అన్నాను. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాను. "తప్పు నాదే. ఇన్నాళ్లు ఆగింది నా చేతిపనికే. గాలి పోయే బొక్కకు సబ్బు పెట్టి మూసింది నేను. తెలీక చేసినా. బొట్టుకూ దానికీ ఏమీ లేదు. ఇప్పుడు తెలుసుకోనొచ్చినా. ఎక్కేవాళ్లు ఎక్కండి, ఎక్కనోళ్లు నిలబడండి."

చాలామంది నిలబడ్డారు. ఆదివారం ముళ్లు గీరుకున్న ఆడవాళ్లలో ముగ్గురు మాత్రం ఎక్కారు. ఎందుకెక్కారంటే, అవతల పొలం ఆసామి ఆలస్యమైతే కూలి కోస్తాడు, అందుకు. నా మీద ప్రేమతో కాదు. నాకు అదే నచ్చింది. స్క్రూ వదులు చేసి, ఉండ పిసికి, తాడు లాగాను. నడుమకు వచ్చినప్పుడు ముగ్గురూ పడవ అంచులు పట్టుకున్నారు. నేను చూపుడు వేలు ఉండ మీద పెట్టుకుని కూర్చున్నాను, మెత్తగా నిండుగా ఉంది. ఆగలేదు. అవతలి గట్టు తగిలింది. వాళ్లు దిగి, వెనక్కి చూడకుండా పొలంలోకి పరుగెత్తారు.

నేను తిరిగి వచ్చేసరికి ఇవతల వరుసగా నిలబడి ఉన్నారు. రెండోసారి ఎనిమిది మంది, మూడోసారి తొమ్మిది. శీనప్ప పడవ ఖాళీగా ఊగుతూ ఉండిపోయింది. ఆయనకు మోటారు లేదు. నా మోటారు వస్తుందని నమ్మి పడవ మాత్రమే కొన్నాడు.

రెండు రోజుల్లో ఆరు బస్సులు, రెండు ఆటోలు ఎక్కి దిగాను. చేయాల్సింది చూస్తే ఒక స్క్రూను అర చుట్టు తిప్పడమే. దీనికంత దూరం పోవాలా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. ఇంట్లో కూర్చుని ఉంటే నా చెయ్యి మంచిది కాదని నేను కూడా నమ్మేదాన్ని.

పదకొండింటికి ఎండ మండుతుండగా శీనప్ప రేవుకు వచ్చాడు. చేతిలో సంగటి గిన్నె, మజ్జిగ చెంబు. ఆయన బుడ్డలచేను కూడా అవతలే ఉంది. పొద్దున నేను దాటించిన కూలీల్లో ఐదుగురు ఆయన చేను వాళ్లే. ఆకలితో ఉంటారు. పుట్టి వాళ్లు చేపలకు పోయారు. ఆయన నీళ్ల వంక చూశాడు, తన పడవ వంక చూశాడు, నా వంక మాత్రం చూడలేదు.

"ఎక్కుతావా?" అన్నాను.

వచ్చి అంచు మీద కాలు పెట్టాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది.

"అట్ల కాదు శీనప్పా. నడుమ కూర్చో. గిన్నె ఒళ్లో పెట్టుకో. అటూ ఇటూ కదలొద్దు."

నడుమ కూర్చున్నాడు. గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. నేను తాడు లాగాను.